పసిమనసులో జడుపు

ఆకాశమున మెరుపు మెరసి ఉరుము ఉరిమినపుడు పసిపిల్లలు పరుగున వచ్చి పెద్దల ఒడి చేరుదురు. అమ్మమ్మయో నాయనమ్మయో బిడ్డను అక్కున చేర్చుకొని అర్జునుని పేళ్ళు వరుసగా చెప్పించుట మన యిండ్లలో పరిపాటి. ఆ పేళ్ళకు పిడుగును ఆపు శక్తి కలదా లేదా అని మన మిచట విచారింపబోము. ఆ యాచారమువలన పిల్లవానికి మూడు మేళ్ళు కలుగుట మాత్రము నిజము. పట్టుకొనుటకు ఒక మనిషి దొరకును. తన భయమును చూచి పెద్దలు నవ్వలేదని తెలియును. వణకు పెదవులకు ఒక పని దొరకును. అర్జునుని పేళ్ళు ముగియునప్పటికి ఉరుము దూరమగును.

ఆకాశపు ఉరుమునకు మన పెద్దలు ఇట్లు ఒక మాటను సిద్ధము చేసి పెట్టిరి. మరి మనుష్యులు పుట్టించు ఉరుమునకో? వీధిలో బాంబు ప్రేలినపుడు, ఎదుటి దుకాణము తగులబడునపుడు, నిన్నటివరకు పలుకరించినవారే నేడు కత్తి పట్టి పరుగిడునపుడు, బిడ్డకు మన మేమి చెప్పవలెను? ఈ ప్రశ్న దూరదేశముల యుద్ధరంగములకే చెందినదని మనము తలచుచుందుము. కాని మన కృష్ణాతీరమునకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

1988వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని విజయవాడవాసులు మరువలేరు. అది క్రిస్మసు మరునాడు. ధనుర్మాసము, ముంగిళ్ళలో ముగ్గులు తీర్చి గొబ్బెమ్మలు పెట్టు దినములు. ఆనాటి తెల్లవారుజామున, నిరాహారదీక్షలో నున్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా విజయవాడలో హత్య గావింపబడెను. ఆ వార్త వెంట నగరము భగ్గుమన్నది. దుకాణములు, సినిమాహాళ్ళు, వాహనములు, ఇండ్లు తగులబడినవి. అల్లర్లు కోస్తా జిల్లాలకు ప్రాకినవి. పదులకొలది ప్రాణములు పోయినవి. నగరమున విధించిన కర్ఫ్యూ నడుమనడుమ సడలింపులతో వారములకొలది సాగినది. రాజకీయ కక్షలును, వాని వెనుకనున్న కులముల పంతములును ఆ మంట కెట్లు ఆజ్యము పోసినవో చరిత్రకారులు వ్రాయుదురు. మన విచారణ వేరు. ఆ దినములలో మూసిన తలుపుల వెనుక, కిటికీ సందున కన్నుంచి వీధిని చూచిన పిల్లల సంగతి మనకు కావలెను. ఆనాడు బడియీడులో నున్నవారు నేడు నడివయస్కులు. వారే నేటి తల్లులు, తండ్రులు, వర్తకులు, ఉపాధ్యాయులు. వారి కన్నుల ఆనాడు పడినది ఎచటికి పోయినది?

కర్ఫ్యూ అనగా పెద్దలకు పాలు, కూరలు, మందులు దొరకకపోవుట, బయటికి పోయినవారు ఇల్లు చేరుదురో లేదో యని బెంగపడుట. పిల్లలకో, అది మొదట సెలవు. బడి లేదు, తండ్రి పగలంతయు ఇంటనే యుండును. కాని రెండవ దినమునకే పిల్లవాడు వీధి నిశ్శబ్దమును కనిపెట్టును. రిక్షా గంటలు లేవు. కూరలమ్మి కేక లేదు. హరిదాసు చిడతలు లేవు. పెద్దలు గుసగుసలాడుదురు, తాను దగ్గరకు పోగానే మాట మార్చుదురు. వార్తల వేళకు అందరును రేడియో చుట్టు మూగుదురు; ఊపిరి బిగబట్టి విందురు. పిల్లవానికి వార్తలోని మాటలు సగమే తెలియును, కాని వినువారి ముఖములు మాత్రము సంపూర్ణముగా తెలియును. మన మీ ప్రసంగమున చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. పెద్దలు హింసను జరిగిన నష్టమునుబట్టి కొలుతురు. పిల్లలు దానిని తమ దగ్గరనున్న పెద్దల ముఖమునుబట్టి కొలుతురు.

ఇచట మన యింటి తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. అన్నము తిననిచో బూచివాడు వచ్చునని, అల్లరి మాననిచో పోలీసు పట్టుకొనిపోవునని బెదరించుట మన కలవాటు. మామూలు దినములలో ఆ బెదరింపు గాలిలో కలసిపోవును. కర్ఫ్యూ దినమున పిల్లవాడు కిటికీనుండి చూచును గదా! పోలీసు నిజముగనే వీధి మొగను తుపాకి పట్టుకొని నిలిచియుండును. మన మాడిన చిన్న యబద్ధమునకు కాళ్ళును చేతులును వచ్చినవి. ఇక వాడు అన్నము తిననందుననే ఇదంతయు జరిగినదని వాని లెక్క.

ఇట్టి స్థితికి మన భాషలో ఒక మంచి మాట కలదు: జడుపు. పిల్లవాడు జడుసుకొన్నాడని తల్లులు చెప్పుదురు. నిదురలో ఉలికిపడుట, ఒళ్ళు వెచ్చబడుట, మెడ విడువకుండుట, మానిన పక్క తడుపు అలవాటు మరల వచ్చుట, వచ్చిన మాటలు తడబడుట, ఇవి వారు చెప్పు గుర్తులు. వైద్యులు తమ గ్రంథములలో చెప్పు గుర్తులును చాలవరకు ఇవియే. పెద్ద ఆపద గడచిన పిమ్మటను మనసును వదలక వేధించు ఈ స్థితిని అమెరికా మానసిక వైద్యుల సంఘము 1980లో తన వ్యాధుల పట్టికలో చేర్చినది. ఆపద పోయినను శరీరము దానిని నమ్మదు. మెదడులోని హెచ్చరిక గంట మ్రోగుచునే యుండును; గుండె దడదడలాడును; చిన్న చప్పుడునకు ఒళ్ళు త్రుళ్ళిపడును. మన తల్లులు సందెవేళ దిష్టి తీసి, తాయెత్తు కట్టించి, బిడ్డను ఒడిలో నుంచుకొని గడపిన ఆ గడియను మనము ఎగతాళి చేయరాదు. తాయెత్తు మాట ఎట్లున్నను, ఒడి మాత్రము నిజమైన మందు.

ఐతే పిల్లలందరును ఒక్కతీరున జడియరు. ఈడునుబట్టి చూపు మారును.

పాలుత్రాగు బిడ్డకు అల్లరియు తెలియదు, మరణమును తెలియదు. తల్లి చేతులు బిగిసినవని, ఆమె గుండె వడిగా కొట్టుకొనుచున్నదని తెలియును. బిడ్డ పాలు విడుచుట, నిదుర పోకుండుట ఆ తెలివికి గుర్తులు. మూడేండ్లు మొదలు ఆరేండ్లవరకు గల పిల్లలు మరణమును ఒక ప్రయాణముగా భావింతురు. పోయినవారు తిరిగి వత్తురని, నిదుర లేతురని వారి నమ్మకము. హంగేరీ దేశపు పిల్లలను పరిశీలించి మరియా నాగీ అను విదుషి 1948లో ప్రకటించిన వ్యాసములో ఈ సంగతి స్పష్టముగా నున్నది. అయిదేండ్లలోపువారికి మరణము తాత్కాలికము. తొమ్మిదేండ్లవరకు గలవారికి అది వచ్చి పట్టుకొనిపోవు మనిషివంటిది, దాగుకొన్నచో తప్పించుకొనవచ్చును. అటుపై గాని అది అందరికిని వచ్చునదియు, తిరుగనిదియు అని వారు తెలిసికొనలేరు. కావున నాలుగేండ్ల బిడ్డ, తండ్రిని కోల్పోయిన మరునాడే ఆటలాడినచో, వానికి దుఃఖము లేదనుకొనుట తప్పు. వాడింకను ఎదురుచూచుచున్నాడు.

ఈ యీడువారికి మరియొక చిక్కు కలదు. లోకమున జరుగు ప్రతిదానికిని తామే కారణమని వారు తలంతురు. నిన్న తమ్ముని కొట్టితిని, అందుకే ఇల్లు కాలినది. చచ్చిపొమ్మని తిట్టితిని, అందుకే పక్కింటి మామయ్య చచ్చిపోయెను. ఇట్టి తలపులు పైకి రావు. అడుగువారు లేనిచో ఏండ్లు గడచినను లోపలనే యుండును.

ఏడు మొదలు పండ్రెండేండ్లవారు వివరములు కోరుదురు. ఎవరు, ఎందుకు, ఎన్ని కత్తిపోట్లు, నెత్తు రెంత అని అడుగుదురు. ఈ ప్రశ్నలు విని పెద్దలు అసహ్యపడి కసరుదురు. అది క్రౌర్యము కాదు. చెదరిపోయిన లోకమునకు మరల ఒక క్రమము కూర్చుకొనుటకు వారు చేయు ప్రయత్నము. కసరించుకొన్న పిల్లవాడు ప్రశ్న మానడు. వీధిలో మరియొకని నడుగును. అచట వానికి దొరకునది వదంతి.

పదుమూడు దాటిన యువకుల తీరు వేరు. వారికి భయమున్నను చెప్పుకొనుటకు సిగ్గు. భయము కోపముగా మారి పైకి వచ్చును. ఏ పక్షమున చేరవలెను అను ప్రశ్న వారిని పట్టి పీడించును. విజయవాడలో 1970ల నుండి సాగిన వర్గ కక్షలలో కళాశాల విద్యార్థి సంఘములును చిక్కుకొన్నవి. అట్టిచోట పదునారేండ్ల బాలునకు ఆయుధము పట్టినవాడు నాయకుడుగా కనబడుట వింతకాదు. చేయుటకు గౌరవప్రదమైన పని మన మొసగనిచో, మరియొకరు ఏదో యొక పని ఒసగుదురు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున లండను నగరమునకు పట్టిన గతి ఈ విషయమున లోకమునకు గొప్ప పాఠము నేర్పినది. 1939 సెప్టెంబరు మొదటి దినములలో సుమారు 15 లక్షలమందిని, అందులో అధికముగా పిల్లలను, నగరములనుండి పల్లెలకు తరలించిరి. 1940 సెప్టెంబరు నుండి లండనుపై రాత్రివేళల బాంబులు కురిసినవి. ఆ కాలమున అన్నా ఫ్రాయిడు, డొరతీ బర్లింగ్‌హాము అను ఇరువురు విదుషులు హాంప్‌స్టెడ్డున శిశుగృహములు నడపిరి. వారు గమనించిన విషయము చాలమందిని ఆశ్చర్యపరచినది. తల్లి చేయి పట్టుకొని బాంబుల మ్రోత విన్న పసిబిడ్డలు కొంత నిబ్బరముగానే యుండిరి. బాంబులు లేని పల్లెలకు పంపబడి తల్లిని ఎడబాసిన పిల్లలలో పలువురు ఎక్కువ క్రుంగిరి. తల్లి నిబ్బరముగా నున్నచో బిడ్డయు నిబ్బరముగా నుండెను. తల్లి వణకినచో బిడ్డయు వణకెను. పిల్లవానిని ఆపదనుండి తప్పించుట అవసరమే. కాని తప్పించుపేర తనవారినుండి త్రెంచివేయుట మరియొక గాయము.

తల్లిదండ్రుల ముఖము పిల్లవానికి ఇంత ఆధారమగుటవలననే, ఆ ముఖము అవమానపడుట చూచుట వానికి అన్నింటికంటె క్రూరమైన దృశ్యము. 1949లో, కమ్యూనిస్టు ఉద్యమమును అణచు దినములలో, మన కృష్ణాజిల్లాలోని కాటూరు, యలమర్రు గ్రామములపై పోలీసులు దాడి చేసి, గ్రామస్థులను వివస్త్రులను గావించి గాంధీవిగ్రహము చుట్టు త్రిప్పిన ఉదంతము ఆ యుద్యమ చరిత్రలలో కెక్కినది. ఆ యుద్యమముతో ఎవరికి సమ్మతి యున్నది, ఎవరికి లేదు అను చర్చ అటుండనిండు. ఆ యూళ్ళలో పిల్లలును ఉండిరి గదా! బిడ్డ దృష్టిలో తండ్రి ఊరిలోకెల్ల బలవంతుడు. అట్టి తండ్రిని నలుగురిలో తలవంచుకొని నిలువబెట్టినపుడు, బిడ్డకు ఇక ఆధారపడుటకు గోడ యేది? కత్తి గాయమునకు మచ్చ కనబడును. ఇట్టి గాయమునకు మచ్చ కనబడదు. దానిని గూర్చి ఇంటిలో ఎవరును మాటాడరు.

పిల్లలు మాటలతో చెప్పలేనిదానిని ఆటలో చెప్పుదురు. బొమ్మల పెండ్లి చేయు చేతులే బొమ్మలకు శవయాత్ర చేయును. దొంగ-పోలీసు ఆట కర్ఫ్యూ ఆటగా మారును. ఒకడు తుపాకి, ఒకడు గుంపు, ఒకడు చచ్చిపడినవాడు. చూచిన పెద్దలకు గుండె కలుక్కుమనును, ఆట మాన్పింతురు. మాన్పరాదు. తనమీద జరిగినదానిని తానే జరిపించి చూచుటవలన పిల్లవాడు దానిపై కొంత పట్టు సంపాదించుకొనును. అందులో గమనింపదగిన భేద మొకటి కలదు. 1976లో అమెరికాలోని చౌచిల్లా అను ఊర 26 మంది బడిపిల్లలను దుండగులు బస్సుతోసహా అపహరించి, భూమిలో పాతిపెట్టిన వాహనములో బంధించిరి. పిల్లలందరును ప్రాణములతో బయటపడిరి. వారిని ఏండ్ల తరబడి పరిశీలించిన వైద్యురాలు లెనోర్ టెర్, వారిలో కొందరి ఆట సంతోషము లేక, మార్పు లేక, ఒక్కచోటనే తిరుగుచుండుట గమనించెను. ఆటలో కథ ముందుకు సాగి, ఎవరో వచ్చి రక్షించినచో, గాయము మానుచున్నదని గుర్తు. ఆట అచ్చటచ్చటనే గానుగెద్దువలె తిరుగుచున్నచో, పెద్దలు దగ్గర కూర్చుండి, అటుపై ఏమి జరిగినదని మెల్లగా అడుగవలెను.

తుపాను తెచ్చు భయమును, మనుష్యులు తెచ్చు భయమును ఒక్కటియేనా? మన డెల్టావారికి రెండును తెలియును. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డల దుఃఖమునకు అంతులేదు. కాని ఆ దుఃఖములో బిడ్డకు శత్రువు మనిషి కాడు. నీరు తగ్గిన మరునాడు మనుష్యులందరును చేయి యందించువారే. అల్లరిలో అట్లు కాదు. ఇచట పొరుగువాడే ఉప్పెన. మనుష్యులు బుద్ధిపూర్వకముగా చేసిన హింస, ప్రకృతి కోపముకంటె ఎక్కువకాలము మనసున నిలుచునని వైద్యులు చెప్పుట ఇందువలననే. అది ఇంటి గోడలనే గాక నమ్మకమును కూల్చును.

చుండూరు ఇందుకు కఠినమైన ఉదాహరణము. నేడు బాపట్ల జిల్లాలో, ఆనాడు గుంటూరు జిల్లాలో నున్న ఈ గ్రామము కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది. సినిమాహాలులో కాలు తగిలెనను తగవు పెరిగి పెరిగి, 1991 ఆగస్టు 6వ తేదీన ఎనమండుగురు దళితుల హత్యకు దారితీసెను. మృతదేహములను కాలువలలో పారవైచిరి. దళిత కుటుంబములు ఊరు విడచి తెనాలిలో శిబిరములలో తలదాచుకొన్నవి. డెల్టా పిల్లవానికి కాలువ అనగా నేమో మనకు తెలియును. అది వాడు ఈత నేర్చినచోటు, గేదెలను కడిగినచోటు, కాగితపు పడవలు వదలినచోటు. అట్టి కాలువయే ఒకనాడు శవములను తేల్చినచో, ఇక నీళ్ళు నీళ్ళుగా కనబడునా? హింస మనుష్యులనే గాక, పిల్లవాని చిన్ననాటి చోటులను కూడ చంపును.

చుండూరులో మరియొక విషయము కలదు. విచారణకు గ్రామములోనే ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడెను. 2007 జులై 31వ తేదీన అది 21 మందికి యావజ్జీవ శిక్షను, 35 మందికి ఒక సంవత్సరము శిక్షను విధించెను. 2014 ఏప్రిల్ 22వ తేదీన ఉన్నత న్యాయస్థానము నిందితులందరిని నిర్దోషులుగా విడిచిపుచ్చెను. న్యాయస్థానముల తర్కమును తూచుట మన పని కాదు. కాని 1991లో ఆరేండ్ల బిడ్డకు మొదటి తీర్పునాటికి ఇరువది రెండేండ్లు, రెండవ తీర్పునాటికి ఇరువది తొమ్మిది. మా నాన్నను ఎవరు చంపిరి అని ఆరేండ్ల యీడున అడిగిన ప్రశ్నకు, తాను బిడ్డలనెత్తుకొను వయస్సు వచ్చినను లోకము ఒక్క జవాబు చెప్పలేదు. పిల్లవాని మనసు కుదుటపడుటకు ఒడి యెంత యవసరమో, తప్పు చేసినవారిని తప్పు చేసినారని లోకము పలుకుటయు అంత యవసరము. అది లేనిచోట జడుపు తీరదు. అది మౌనమై తరువాతి తరమునకు సంక్రమించును.

ఇక ఎదుటి పక్షపు పిల్లల మాట. కొట్టినవారి యిండ్లలోను పిల్లలు ఉందురు. వారును కిటికీనుండి చూతురు. తండ్రి చేతి కఱ్ఱను, అన్న చొక్కాపై మరకను చూతురు. ఆ యింట దానిని పౌరుషమని చెప్పుకొన్నచో, బిడ్డ అదియే నేర్చును. మనవాళ్ళు, వాళ్ళు అను రెండు మాటలు పిల్లలకు పుట్టుకతో రావు. మనము వడ్డించు అన్నముతోపాటు వడ్డింతుము. కర్ఫ్యూ ఎత్తివేసిన దినమున వీధిలో హింస ముగియవచ్చును. పిల్లవాడు దానినుండి గ్రహించిన అర్థము మాత్రము ఆనాడే మొలకెత్తుట మొదలిడును.

ఇంతచెప్పిన పిమ్మట, జడుసుకొన్న పిల్లలందరును చెడిపోవుదురని ఎవరును నిరాశపడరాదు. నిజము అందుకు విరుద్ధము. అధికసంఖ్యాకులు కొలది వారములలోనో మాసములలోనో తేరుకొందురు. హవాయి దీవులలో కౌఆయీ ద్వీపమున 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ అను విదుషి, ఆమె సహచరులు దశాబ్దముల పర్యంతము గమనించిరి. పేదరికము, ఇంటి కలహములు మొదలగు పెక్కు కష్టములలో పెరిగినవారిలో సుమారు మూడవవంతు మంది చక్కని మనుష్యులుగా ఎదిగిరి. వారికి సామాన్యముగా కలిగియున్న భాగ్యములలో ఒకటి: తమను విడువని పెద్ద మనిషి ఒకరు. తల్లియే కానక్కరలేదు. తాతయో, మేనత్తయో, పంతులుగారో కావచ్చును.

కావున ఇంటివారు చేయదగిన పనులు గొప్పవి కావు, కష్టసాధ్యములు కావు. మొదటిది, బిడ్డను దగ్గర నుంచుకొనుట. ఎచటికైన పంపవలసివచ్చినచో తెలిసిన మనిషితో పంపి, మరల ఎప్పుడు కలుసుకొందుమో చెప్పుట. రెండవది, నిజము చెప్పుట. ఏమియు జరుగలేదని చెప్పరాదు. పిల్లవాడు మన ముఖమును చదివియే యున్నాడు. మన మాటయు ముఖమును వేరైనచో వాడు మాటను నమ్మడు, ఇక ముందును నమ్మడు. కొందరు కొట్టుకొనుచున్నారు, అది తప్పు, మనము తలుపు వేసికొని జాగ్రత్తగా ఉన్నాము, ఇది నీవలన జరుగలేదు అని నాలుగు మాటలు చాలును. అడిగినదానికి జవాబు చెప్పవలెను. అడుగనిదానిని పైబడి చెప్పరాదు. పోయినవారు నిదురపోవుచున్నారని చెప్పరాదు. బిడ్డ నిదురకే భయపడును.

మూడవది, వార్తల విషయము. రేడియో గల యిండ్లవారమైన మనము దీనిని గట్టిగా పట్టించుకొనవలెను. 1995లో అమెరికాలోని ఓక్లహోమా నగరమున బాంబు ప్రేలిన పిమ్మట జరిగిన పరిశీలనలలో, ఆ వార్తలను టెలివిజనులో ఎక్కువగా చూచిన పిల్లలలో కలత ఎక్కువగా కనబడినది. పిల్లవానికి ఒకే సంఘటనను పదిమారులు చూపినచో, అది పదిమారులు జరిగినట్లే తోచును. వార్త పెద్దలకు అవసరము. వినవలసినవేళ విని, కట్టివేసి, విన్నదానిని పిల్లలకు రెండు ముక్కలలో చెప్పుట మేలు. నేడు చేతిలోని ఫోనున క్షణమునకొక దృశ్యము వచ్చుచుండగా ఈ జాగ్రత్త మరింత యవసరము.

నాలుగవది, దినచర్య. వేళకు స్నానము, వేళకు అన్నము, పడుకొనబోవుముందు ఒక కథ. లోకము తలక్రిందులైనను అన్నపు వేళ తప్పలేదని పిల్లవాడు గ్రహించినచో సగము జడుపు తీరును. బడి తెరచినవెంటనే పంపవలెను. పంతులుగారు మొదటి దినమున పాఠముకంటె పలకరింపునకు ప్రాధాన్యమీయవలెను. రెండు పక్షముల పిల్లలను ఒకే బల్లపై కూర్చుండబెట్టగల శక్తి ఆయనకు మాత్రమే కలదు. పెద్దపిల్లలకు బాధ్యత నొసగవలెను. ముసలివారికి మందులు తెచ్చుట, చిన్నవారికి చదువు చెప్పుట వంటివి. ఉపకరించుచున్నానని తోచిన చేయి రాయి పట్టుటకు వెనుదీయును.

ఏమి చూచినావో చెప్పుమని బలవంతపెట్టుట మేలు కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2011లో వెలువరించిన ప్రథమ మానసిక సహాయపు మార్గదర్శిని కూడ, చూడుము, వినుము, సహాయము దొరకుచోటికి చేర్చుము అనియే బోధించుచున్నది గాని త్రవ్వి అడుగుమనుట లేదు. ఐతే ఒక నెల దాటినను పిల్లవాడు నిదుర పోకున్నచో, ఎవరితోను కలియకున్నచో, చదువు పూర్తిగా విడిచినచో, చచ్చిపోదునని పలికినచో, సిగ్గుపడక వైద్యుని చూపవలెను. జ్వరమునకు వైద్యుని చూపుట తప్పు కానిచో జడుపునకును కాదు.

ఇండ్లు మాత్రమే చేయగల పని కాదిది. 1989 నవంబరు 20వ తేదీన ఐక్యరాజ్యసమితి అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో, హింసకు గురియైన బిడ్డ మరల కోలుకొనునట్లు చేయుట ప్రభుత్వముల విధి యని, అది బిడ్డ ఆత్మగౌరవమును నిలుపు వాతావరణములో జరుగవలెనని వ్రాసియున్నది. మన దేశము 1992లో ఆ ఒడంబడికలో చేరినది. కాలిన దుకాణమునకు నష్టపరిహారము లెక్కకట్టు అధికారి కలడు. కాలిన బాల్యమునకు లెక్కకట్టు అధికారి ఎచట?

ఉరుమునకు అర్జునుని పేళ్ళు నేర్పిన జాతి మనది. మనుష్యులు పుట్టించు ఉరుమునకును మనము మాట నేర్పగలము. అది మంత్రము కాదు. నేనిచట ఉన్నాను, ఇది నీ తప్పు కాదు, వాళ్ళ పిల్లలును నీవలెనే భయపడుచున్నారు: ఈ మూడు మాటలే. మొదటి రెండును చెప్పుట సులభము. మూడవదానిని, మన గుండె మండుచున్నవేళ, మన బిడ్డ చెవిలో చెప్పగలిగినచో, ఆ యింటిలో హింస ఒక తరముతో ఆగును.